పల్లె యువత సేవలకు ప్రభుత్వ నిధులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తండాలు, గూడేలు, దళితవాడలు, మండల కేంద్రానికి దూరంగా ఉన్న చిన్న పంచాయతీల యువజన సంఘాలు, వార్డు సభ్యులు, సర్పంచ్‌లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించినవి. రెండు రాష్ట్రాల్లో పద్ధతి వేరుగా ఉన్నచోట విడిగా చెప్పాం.

యువత సేవలు అంటే ఇక్కడ ఏమేం వస్తాయి?

చదువుకునే గది లేదా గ్రంథాలయం, ఆటస్థలం, పరుగు ట్రాక్, ఉపాధి శిక్షణ, పోటీ పరీక్షల పుస్తకాలు, వీటిని నడిపే మనిషి. జాతీయ యువజన విధానం 2014 ప్రకారం యువత అంటే 15 నుంచి 29 ఏళ్ళవారు. ఒక్కో పథకంలో వయసు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ పథకం వయసు చూసుకోండి.

పంచాయతీ బడ్జెట్‌లో యువతకంటూ ప్రత్యేక పద్దు ఉందా?

లేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా 11వ షెడ్యూల్లో 29 అంశాలు పెట్టింది. అందులో గ్రంథాలయాలు ఉన్నాయి, వృత్తి విద్య, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి. యువజన వ్యవహారాలు, క్రీడలు అన్న మాటలు మాత్రం లేవు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఇప్పుడు 9 ఇతివృత్తాల కింద తయారుచేస్తున్నారు. పిల్లలకు ఒకటుంది, మహిళలకు ఒకటుంది, నీళ్ళకు, పచ్చదనానికి కూడా ఒక్కొక్కటి ఉన్నాయి. యువతకు లేదు.

కాబట్టి ఊళ్ళో ఎవరూ అడగకపోతే యువత పేరున ఒక్క రూపాయి కూడా దానంతట అది రాదు. అడిగేటప్పుడు కూడా ‘యువత సంక్షేమానికి నిధులు ఇవ్వాలి’ అంటే కార్యదర్శి దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక వదిలేస్తారు. గ్రంథాలయాన్ని గ్రంథాలయాల అంశం కింద, ఆటస్థలాన్ని సామాజిక ఆస్తుల నిర్వహణ కింద, శిక్షణను వృత్తి విద్య కింద అడగండి.

మా పంచాయతీకి కేంద్రం నుంచి అసలు ఎంత వస్తుంది?

15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఐదేళ్ళకు, 2011 లెక్కల గ్రామీణ జనాభా 83 కోట్లకు పంచితే తలకు ఏడాదికి సగటున 570 రూపాయలు. ఇందులో గ్రామ పంచాయతీ వాటా 70 నుంచి 85 శాతం, మిగతాది మండల, జిల్లా పరిషత్తులకు. అంటే గ్రామ పంచాయతీకి తలకు 400 నుంచి 480 రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండడానికి 450 అనుకుందాం.

800 జనాభా ఉన్న తండాకు ఏడాదికి 3,60,000 వస్తుంది. ఇందులో 60 శాతం టైడ్ గ్రాంట్, అంటే సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. దాన్ని మరోదానికి వాడకూడదు. మిగిలిన 40 శాతం, అంటే 1,44,000, బేసిక్ గ్రాంట్. ఊరి అవసరాలు 29 అంశాల్లో ఏవైనా దీన్నుంచే. వీధి దీపాలు, రోడ్ల గుంతలు, భవనం రిపేర్లు అయ్యాక మిగిలినదే మీది.

ఈ 60–40 లెక్క 15వ ఆర్థిక సంఘానిది. 2026 ఏప్రిల్ నుంచి ఐదేళ్ళు 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త మార్గదర్శకాల ప్రతి కార్యదర్శి దగ్గర అడిగి తీసుకుని, పై శాతాల చోట అందులోవి వేసుకోండి.

తలసరిన అందరికీ సమానంగానే ఇస్తున్నారు కదా, ఇందులో అన్యాయం ఏముంది?

చదువుకునే గది ఖర్చు జనాభాను బట్టి తగ్గదు. 800 మంది ఊరికైనా, 8,000 మంది ఊరికైనా ఒక గది, ఒక మనిషి, నాలుగు పేపర్లు, కరెంటు బిల్లు తప్పవు. ఒక అంచనా చూడండి, ధరలు మీ ఊరివి వేసుకోండి: పేపర్లకు నెలకు 1,000, కరెంటు, ఇంటర్నెట్‌కు 1,000, రోజుకు నాలుగు గంటలు గది తెరిచి చూసుకునే మనిషికి 4,000, చిన్న రిపేర్లకు 500. నెలకు 6,500, ఏడాదికి 78,000. కొత్త పుస్తకాలకు 20,000 కలిపితే 98,000.

పెద్ద పంచాయతీకి ఇదే లెక్కన వచ్చే బేసిక్ గ్రాంట్ 14,40,000. అందులో 98,000 ఒక మూలకు. తండాకు అది మొత్తం బేసిక్ గ్రాంట్‌లో మూడింట రెండు వంతులకు సమానం. ఇది పోలిక మాత్రమే, మనిషి జీతం ఆ గ్రాంట్ నుంచి ఇవ్వకూడదని కింద చెప్పాం. సొంత ఆదాయంలో తేడా ఇంకా పెద్దది. పెద్ద ఊళ్ళో షాపులు, లేఅవుట్లు, సెల్ టవర్లు, సంత వేలం ఉంటాయి. తండాలో 200 ఇళ్ళ ఇంటిపన్నే ఆధారం. సగటున 500 చొప్పున అందరూ కట్టినా లక్ష రూపాయలు.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు పెద్ద ఎత్తున పంచాయతీలయ్యాయి. మొత్తం పంచాయతీల సంఖ్య 8,600 పైచిలుకు నుంచి 12,700 దాటింది. సొంత పాలన రావడం మంచి మార్పే. కానీ నిధుల సూత్రం జనాభానే పట్టుకుని ఉన్నంతకాలం చిన్న పంచాయతీకి చేతిలో అధికారం ఉన్నా పెట్టెలో డబ్బు ఉండదు. రాష్ట్రాల మధ్య పంపకంలో 15వ ఆర్థిక సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు ఇచ్చింది. ఊరి వెనుకబాటుతనానికి అందులో చోటు లేదు. రాష్ట్రంలోపల పంపిణీని మార్చే వీలు రాష్ట్ర ఆర్థిక సంఘానికి ఉంది. ప్రతి పంచాయతీకి ముందు ఒక కనీస మొత్తం, ఆపైన తలసరి, ఆపైన దూరానికి, ఎస్సీ, ఎస్టీ జనాభాకు అదనపు బరువు: చిన్న ఊళ్ళు అడగవలసిన సూత్రం ఇదీ. రాష్ట్ర ఆర్థిక సంఘం జిల్లాకు వచ్చినప్పుడు వినతిపత్రాలు తీసుకుంటుంది. మీ ఊరి ఆదాయం, ఖర్చుల కాగితం జతచేసి ఇవ్వండి. విన్నపం ఒక్కటే ఇస్తే ఫైలులో కలిసిపోతుంది.

గది కట్టారు, తాళం పడింది. ఎందుకిలా అవుతుంది?

కట్టడానికి డబ్బు దొరికే చోట్లు అరడజను ఉన్నాయి. నడపడానికి దొరికే చోటు దాదాపు ఒక్కటే. ఆర్థిక సంఘం బేసిక్ గ్రాంట్‌ను జీతాలకు, ఎస్టాబ్లిష్‌మెంట్ ఖర్చులకు వాడకూడదు. ఎంపీ నిధులు శాశ్వత ఆస్తులకు. ఉపాధి పనుల నిధులు కూలికి, సామగ్రికి. గది తెరిచే మనిషికి నెలకు 4,000 ఇవ్వాలంటే పంచాయతీ సాధారణ నిధి, అంటే ఇంటిపన్ను లాంటి సొంత ఆదాయమే దిక్కు. ఏడాదికి 48,000. పై తండాకు అది మొత్తం ఇంటిపన్నులో దాదాపు సగం. అందుకే పెద్ద ఊళ్ళో నడిచే గది తండాలో మూతపడుతుంది. తప్పు ఊరివాళ్ళ శ్రద్ధలో లేదు, లెక్కలో ఉంది.

గది అడిగే తీర్మానంలోనే దాన్ని నడిపే ఖర్చు ఏ పద్దు నుంచో రాయించండి. సొంత ఆదాయం చాలదని తెలిస్తే కొత్త భవనం అడగకండి. సాయంత్రం ఖాళీగా ఉండే పాఠశాల గది, పాత పంచాయతీ ఆఫీసు, కమ్యూనిటీ హాలు చూడండి. కట్టడానికి పెట్టే 10 లక్షలతో గోడలు లేస్తాయి, పదేళ్ళపాటు తలుపు తెరిచే మనిషి మాత్రం రాడు.

గ్రంథాలయ సెస్సు అంటే ఏమిటి? అది మాకు ఎలా పనికొస్తుంది?

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే చట్టం నడుస్తోంది. ఇంటిపన్ను రసీదులో ఇది వేరే గడిలో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఆ డబ్బుతో సంస్థ పుస్తకాలు, పేపర్లు, భవనాలు చూసుకోవాలి.

మన తండా లెక్కన ఏడాదికి లక్ష పన్ను మీద 8,000 సెస్సు. ఇందులో రెండు చోట్ల గండి పడుతుంది. మొదటిది, పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్సును వాడేసుకుని సంస్థకు బకాయి పడతాయి. రెండోది, వచ్చిన సెస్సు ఎక్కువగా జిల్లా, మండల కేంద్రాల గ్రంథాలయాలకే పోతుంది. చిన్న ఊరు కట్టిన 8 పైసలు పట్నంలో ఖర్చవుతాయి.

చేయవలసింది: మీ పంచాయతీ గత మూడేళ్ళలో ఎంత సెస్సు వసూలు చేసింది, ఎంత జమచేసింది రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితంతో జిల్లా గ్రంథాలయ సంస్థకు గ్రామీణ గ్రంథాలయం కావాలనో, అది కుదరకపోతే పుస్తక నిక్షిప్త కేంద్రం కావాలనో అర్జీ పెట్టండి. నిక్షిప్త కేంద్రం అంటే సంస్థ పుస్తకాలు ఇస్తుంది, కొంతకాలానికి మారుస్తుంది, గది, చూసుకునే మనిషి ఊరివి. చిన్న ఊరికి ఇది త్వరగా దొరికే దారి. పంచాయతీయే బకాయి ఉంటే ముందు కొంతైనా కట్టించండి, లేకపోతే అర్జీకి మొదటి సమాధానం బకాయి నోటీసే వస్తుంది.

ఆటస్థలానికి ఎంత స్థలం కావాలి? ఎకరం లేదంటున్నారు.

ఎకరం లేకపోయినా చాలా చేయొచ్చు. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు. చుట్టూ 3 మీటర్లు వదిలితే 24 × 15, అంటే 9 సెంట్లు. పురుషుల కబడ్డీ కోర్టు 13 × 10, చుట్టూ 3 మీటర్లతో ఏడున్నర సెంట్లు. పదిహేడు సెంట్లలో రెండూ వస్తాయి.

పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యేవాళ్ళకు అసలు అవసరం పరుగు ట్రాక్. తెల్లవారకముందే చీకట్లో తారురోడ్డు మీద పరుగెత్తేవాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. లారీల మధ్య ఆ పరుగు ప్రాణాలమీదికి తెస్తోంది. 200 మీటర్ల చుట్టు, రెండు లేన్లు వేయడానికి 83 × 43 మీటర్లు చాలు, సుమారు 88 సెంట్లు. 1,600 మీటర్ల పరుగుకు 8 చుట్లు. చుట్టు మధ్యలో వాలీబాల్, కబడ్డీ కోర్టులు రెండూ పడతాయి. ఎకరం ఉన్నా చతురస్రంగానో, సన్నగానో ఉంటే ఈ కొలత పట్టదు. అందుకే స్థలం ఖరారు చేసే ముందు టేపు పట్టి పొడవు, వెడల్పు కొలవండి.

మొత్తం స్థలానికి మొరం పోయాలని అంచనా వేస్తే ఖర్చు చూసి పని ఆపేస్తారు. ట్రాక్ వరకే 10 సెంటీమీటర్ల మందం వేస్తే రోలింగ్ తరువాత 50 ఘనపు మీటర్లు చాలు. వదులు మొరం 65 దాకా తేవాలి. ట్రాక్టర్ ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు పడితే 22 ట్రిప్పులు.

కొత్త ఆటస్థలాలు ఏడాదికే పాడవుతున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?

తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆలోచన సరైనదే. చాలాచోట్ల బోర్డు, నాలుగు స్తంభాలు మిగిలాయి. కారణాలు దాదాపు ప్రతిచోటా ఇవే.

స్థలం ఊరికి దూరంగా ఇచ్చారు. దారి లేదు, వెలుతురు లేదు, ఆడపిల్లలు వెళ్ళలేరు. రెండోది నేల. నల్లరేగడి మీద నేరుగా కోర్టు గీస్తే వానకు బురద, ఎండకు పగుళ్ళు. పైన మొరం, వందకు ఒకటి చొప్పున వాలు, పక్కన చిన్న కాలువ ఉండాలి. స్తంభాలు కోర్టు గీతకు ఆనుకుని పాతుతారు. అర మీటరు నుంచి మీటరు బయట ఉండాలి, కనీసం రెండున్నర అడుగుల లోతు కాంక్రీటులో. నెట్టు కట్టే కొక్కేలు పురుషులకు 2.43, స్త్రీలకు 2.24 మీటర్ల ఎత్తులో రెండూ పెట్టించండి. వెల్డింగు చేసేటప్పుడు చెబితే అదనపు ఖర్చు ఉండదు, తరువాత ఎవరూ చేయరు.

ఇక నెట్టు, బంతి, సున్నం, గడ్డి కోయడం. వీటికి ఏటా పద్దు లేకపోతే రెండో వానాకాలానికి ఆ స్థలం పశువులదవుతుంది.

చెరువు శిఖం భూమి (చెరువు నీళ్ళు నిలిచే భూమి) ఖాళీగా ఉంది, అందులో మైదానం చేయొచ్చా?

వద్దు. నీటివనరుల భూముల్ని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. నీళ్ళొస్తే మైదానం పోతుంది, కేసు పడితే పెట్టిన డబ్బూ పోతుంది. గ్రామకంఠం, పాఠశాల మైదానం చూడండి. బంచరాయి, గైరాన్ (పశువుల మేత భూములు) అయితే తహసీల్దారు నుంచి రాతపూర్వక అనుమతి, సర్వే నంబరు, హద్దుల స్కెచ్ తీసుకున్నాకే అంచనా వేయించండి.

ఉపాధి హామీ నిధులతో మైదానం చేయించవచ్చా?

గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనుల జాబితాలో ఆటస్థలాల నిర్మాణం ఉంది. కూలికి 60, సామగ్రికి 40 శాతం మించని నిష్పత్తి. చదును, మట్టి పని, గట్టు కూలి కిందికి వస్తాయి. స్తంభాలు, కాంక్రీటు సామగ్రి కిందికి. సామగ్రి బిల్లులు ఆలస్యమవుతాయి కాబట్టి సామగ్రి తక్కువగా ఉండే అంచనా త్వరగా పూర్తవుతుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 125కి పెరిగాయి, మన రాష్ట్రాలు భరించవలసిన వాటా 40 శాతానికి పెరిగింది. మీ పని ఇప్పుడు ఏ జాబితాలో, ఏ కోడ్ కింద వస్తుందో మండలంలో ఉపాధి పనులు చూసే అధికారి (ఏపీవో)తో రాయించుకోండి.

ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక నిధులు మా వాడకు ఎందుకు కనిపించవు?

2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2023లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. జనాభా దామాషాలో బడ్జెట్ పక్కన పెట్టాలన్నది మూలసూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు సుమారు 17, ఎస్టీలు ఐదున్నర శాతం. తెలంగాణలో సుమారు 15.5, 9 శాతం.

డబ్బు కాగితం మీద కనిపించి వాడలో కనిపించకపోవడానికి దారి చట్టంలోనే ఉంది. విడదీయలేని మౌలిక పనుల ఖర్చులో కొంత భాగాన్ని ఉప ప్రణాళిక ఖర్చుగా లెక్కించవచ్చు. హైవేకి, పెద్ద భవనానికి పెట్టినదాంట్లో ఒక వాటా మీ పేరున రాసేయవచ్చన్నమాట. దానికి విరుగుడు కూడా అదే చట్టంలో ఉంది: ఎస్సీ, ఎస్టీ జనాభా 40 శాతం, అంతకు మించి ఉన్న ఆవాసంలో చేసే పనికి పూర్తి ఖర్చు ఉప ప్రణాళిక నుంచి పెట్టవచ్చు. కాబట్టి మీ వాడను ప్రత్యేక ఆవాసంగా చూపించి, ఆ ఆవాసం జనాభా లెక్క జతచేసి అడగండి. ఊరి మొత్తం శాతం వేస్తే 40 దాటకపోవచ్చు, వాడ మాత్రం దాటుతుంది. అర్జీలు తిరిగివచ్చేది ఎక్కువగా ఈ ఒక్క కాగితం లేకనే.

ఊరి మధ్యలో కట్టిన గదిని వాడ వాటాగా చూపిస్తే, వాడ పిల్లలు నిజంగా అక్కడ కూర్చుంటున్నారా అని గ్రామసభలో అడగండి. అడిగే హక్కు మీకుంది.

మాది ఏజెన్సీ గూడెం. మాకు వేరే నియమాలున్నాయా?

ఉన్నాయి, బలమైనవి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 పెసా చట్టం ప్రకారం అభివృద్ధి పనుల ప్రణాళికను పంచాయతీ మొదలుపెట్టే ముందే గ్రామసభ ఆమోదించాలి. నిధులు సరిగా ఖర్చయ్యాయని ధ్రువపత్రం ఇవ్వవలసింది కూడా గ్రామసభే. పంచాయతీ సభ వేరు, పెసా గ్రామసభ వేరు: ఒక గూడెం విడిగా గ్రామసభ కావచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో నియమాలు వచ్చాయి. ఖర్చు ధ్రువపత్రం మీద మీ సంతకాలు లేకుండా బిల్లు పోయిందా అని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో అడగండి. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు వంటి చోట్ల ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి దగ్గరే యువత శిక్షణ, క్రీడల ప్రతిపాదనలు కదులుతాయి.

గనులున్న ప్రాంతం మాది. ఏమైనా అదనంగా వస్తుందా?

జిల్లా ఖనిజ నిధి. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది. పాత లీజులు రాయల్టీ మీద 30 శాతం, వేలంలో ఇచ్చినవి 10 శాతం కట్టాలి. విద్య, వైద్యం, నైపుణ్య శిక్షణ ఇందులో ప్రాధాన్య రంగాలు. దుమ్ము మింగేది గని పక్క ఊరు, నిధి ఖర్చయ్యేది జిల్లా కేంద్రం కావడం మామూలైపోయింది. మీ ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో కలెక్టరేట్‌లో మొదట చూసుకోండి.

ఎంపీ నిధులు?

ఏడాదికి 5 కోట్లు. అందులో 15 శాతం ఎస్సీలు, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫారసు చేయాలి. గ్రంథాలయ భవనం, మైదానం అడగొచ్చు. స్థలం కాగితం, పంచాయతీ నిర్వహిస్తుందన్న తీర్మానం జతచేయండి.

ఉపాధి శిక్షణకు ఎక్కడ అడగాలి?

రెండు దారులు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, ఆర్‌సెటి. వసతి, భోజనం, శిక్షణ ఉచితం. సొంతంగా పని పెట్టుకోవాలనుకునేవారికి మంచిది. రెండోది దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన (డీడీయూ–జీకేవై), 2014లో మొదలైంది, 15–35 ఏళ్ళవారికి, ఉద్యోగం చూపించే శిక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు నడుపుతాయి. సీట్లలో సగం ఎస్సీ, ఎస్టీలకు, మూడో వంతు మహిళలకు.

చేరేముందు మూడు విషయాలు అడగండి: ఉద్యోగం ఏ ఊళ్ళో, చేతికి వచ్చే జీతం ఎంత, అక్కడ గది అద్దె ఎంత. 12,000 జీతానికి నగరం వెళ్ళి మూడు నెలల్లో తిరిగి వచ్చేవాళ్ళు ఎక్కువ, ఎందుకంటే అద్దె, తిండి పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఈ లెక్క ముందే చెప్పడం శిక్షణ ఇచ్చేవారి బాధ్యత.

ఆడపిల్లలకు ఈ సేవలు అందేలా ఏం చేయాలి?

అంచనాలోనే పెట్టించాలి. గదికి మరుగుదొడ్డి, దారికి దీపం, మైదానంలో వారికి కేటాయించిన సమయం బోర్డు మీద. గది సాయంత్రం 6 తరువాతే తెరిస్తే అది మగపిల్లల గది అవుతుంది. ఆడపిల్లలకు వీలయ్యే సమయం బడి, కాలేజీ విడిచిన తరువాత, చీకటి పడకముందు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. బస్సే రాని ఊరికి దానివల్ల ఉపయోగం లేదు. మండల గ్రంథాలయం మూసే వేళకు తిరుగు బస్సు ఉందా లేదా డిపో మేనేజరుకు పంచాయతీ లెటర్‌హెడ్ మీద రాయండి.

గ్రామసభలో ఎలా అడగాలి? తీర్మానం ఎలా రాయించాలి?

వచ్చే ఏడాది ప్రణాళిక కసరత్తు సాధారణంగా అక్టోబరు 2న మొదలై జనవరి చివరికి ముగుస్తుంది. మార్చిలో అడిగితే ఆలస్యమే. సెప్టెంబరులోనే పని మొదలుపెట్టాలి. ముందు ఊళ్ళో 15–29 ఏళ్ళవారి సంఖ్య, వారిలో ఆడపిల్లలు, చదువు ఆపేసినవారు, పోటీ పరీక్షలకు తయారయ్యేవారు ఎందరో ఒక కాగితం మీద రాయండి. తరువాత ఇంజనీరింగ్ అసిస్టెంటుతోనో పంచాయతీరాజ్ ఏఈతోనో స్థలం చూపించి సుమారు అంచనా వేయించండి. తెలంగాణలో చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి, ఎజెండాలో మీ అంశం ముందే చేర్పించండి.

తీర్మానం ఇలా ఉంటే పని కదులుతుంది: ‘... వార్డులోని సర్వే నంబరు ... లో గల పాత పంచాయతీ గదిని చదువుకునే గదిగా మార్చుటకు, మరమ్మతులకు రూ. ... బేసిక్ గ్రాంట్ నుంచి, నిర్వాహకుని గౌరవ వేతనం నెలకు రూ. ... సాధారణ నిధి నుంచి, పేపర్లు, పుస్తకాలకు ఏటా రూ. ... ఖర్చు చేయుటకు, గది మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 7 వరకు తెరచి ఉంచుటకు గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది.’

పని పేరు, చోటు, మొత్తం, పద్దు: నాలుగూ ఉండాలి. సభ ముగిసేలోపు మినిట్స్ పుస్తకంలో రాసింది చదివించి వినండి, ఫోన్‌తో ఆ పేజీ ఫోటో తీసుకోండి. ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టకండి.

తీర్మానం ఉంది, ప్రణాళికలో ఉంది, డబ్బు మాత్రం రాలేదు. ఎందుకు?

ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదటికి పాలకవర్గాల గడువు ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఆ మధ్యకాలం ఊళ్ళు ఎలా గడిచాయో అందరికీ తెలుసు. రెండోది, లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టకపోయినా, ఆడిట్ కాకపోయినా ఆగుతాయి. మూడోది, ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధుల్ని విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేయడం మీద సర్పంచ్‌లు రోడ్డెక్కారు. చిన్న పంచాయతీకి అలా ఒక్క విడత పోతే ఆ ఏడాది యువత పని పోయినట్టే.

డబ్బు వచ్చీ బిల్లు ఆగితే మూడు చోట్ల చూడండి: ఏఈ పని కొలతల్ని కొలతల పుస్తకం ఎం.బుక్‌లో ఎక్కించారా, చెల్లింపులకు వాడే డిజిటల్ సంతకం కీల గడువు తీరిందా, పని కోడ్ టైడ్ గ్రాంట్ కింద పడిందా. కోడ్ తప్పు పడితే చెల్లింపు వెళ్ళదు, పనిని ప్రణాళికలో సరిచేయించాలి.

ఖర్చుల లెక్క మేం ఎలా చూడగలం?

ఈ–గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ప్రణాళిక, పనులు, చెల్లింపులు కనిపిస్తాయి. లాగిన్ అక్కర్లేదు. అక్కడ లేనిది సమాచార హక్కు చట్టంతో. గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు పేజీకి 2. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ‘యువతకు ఏం చేశారు’ అని అడిగితే ‘సమాచారం లేదు’ అని వస్తుంది. ‘2023–24, 2024–25లో సాధారణ నిధి క్యాష్‌బుక్ నకలు, గ్రంథాలయ సెస్సు వసూలు, జమ చలాన్ల నకలు, ఫలానా పని ఎం.బుక్ పేజీల నకలు’ అని పత్రాల పేరు పెట్టి అడగండి.

యువజన సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా?

గ్రామసభలో అడగడానికి అక్కర్లేదు, 18 నిండిన ఓటరు అయితే చాలు. ఆట సామగ్రి, కార్యక్రమాల సాయం, ఖాతాలోకి నిధులు కావాలంటే చేయించండి. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. నెహ్రూ యువ కేంద్రాల పని ఇప్పుడు 2023లో వచ్చిన మై భారత్ కిందికి మారింది, సభ్యులు ఆ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాను బట్టి స్టెప్, సెట్వెల్ వంటి పేర్లతో ఉన్న యువజన సంస్థలకు, తెలంగాణలో జిల్లా యువజన, క్రీడల అధికారికి ఒక ప్రతి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ తరువాత ఏటా సభ్యుల జాబితా, లెక్కలు రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. ఏడుగురిలో కనీసం ముగ్గురు ఆడపిల్లలు, వాడ నుంచి ఇద్దరైనా ఉండేలా మొదటి రోజే చూసుకోండి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తెరవండి, ఒక సంతకం ఆ ఆడపిల్లల్లోనో, వాడ సభ్యుల్లోనో ఒకరిది కావాలి.